స్టాగ్‌విల్ ప్లాంటేషన్ ఉత్తరాలు, పద్దుల పుస్తకాల్లో ఒక కుటుంబం జాడ ఎలా వెతకాలి?

డర్హమ్_లక్ష్మి:
మేం ఉండేది నార్త్ కరొలైనాలో. మా ఇంటికి దగ్గర్లోనే స్టాగ్‌విల్ అనే పాత ప్లాంటేషన్ ఉంది, బెనహాన్, కామెరాన్ కుటుంబాలది. 1860 నాటికి వాళ్లకి దాదాపు 30,000 ఎకరాలు, 900 మంది దాకా బానిసలు. మా పక్కింటి పెద్దావిడ పూర్వీకులు అక్కడివాళ్లేనట. ఆవిడకి చూపు సరిగ్గా ఆనడం లేదు, అందుకని చాపెల్ హిల్‌లోని విల్సన్ లైబ్రరీలో ఉన్న కామెరాన్ కుటుంబం కాగితాలు నేను చదివి పెడతానన్నాను. తీరా చూస్తే వేలకి వేలు ఉన్నాయి, బానిసల పేర్ల పక్కన ఇంటిపేర్లే లేవు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతకాగితాలు:
లక్ష్మిగారూ, ముందు ఉత్తరాల జోలికి వెళ్లకండి, పద్దులు పట్టుకోండి. యజమానికి మనుషులూ ఆస్తే కాబట్టి పిల్లలు పుడితే తేదీ, తల్లి పేరు రాసుకున్నారు, బట్ట, దుప్పట్లు, బూట్లు ఎవరికిచ్చారో కూడా రాశారు. అది వాళ్ల లాభం కోసం రాసుకున్న లెక్కే, కానీ ఈరోజు మీ పక్కింటావిడకి వంశవృక్షం దొరికేది అందులోనే. పిల్లల పేర్లు జాగ్రత్తగా చూడండి, తండ్రి పేరో తాత పేరో కొడుక్కి పెట్టుకోవడం కనిపిస్తుంది, తండ్రిని ఎప్పుడు ఎక్కడికి పంపేస్తారో తెలియని బతుకుల్లో ఆ పేరైనా మిగలాలని పెట్టుకున్నారని నాకనిపిస్తుంది. 1860 జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోవద్దు, బానిసల పట్టికలో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు, అంతే. వీళ్లందరినీ పేరుపేరునా రాసింది బానిసత్వం రద్దయ్యాక, 1870 జనాభా లెక్కల్లోనే.

రవి_ర్యాలీ:
పైన చెప్పింది నిజమే, అయితే ఉత్తరాలు వదిలేయకండి అక్కా. 1844లో పాల్ కామెరాన్ 114 మందిని అలబామాలోని పత్తి తోటకి తరలించాడు, తర్వాత మిసిసిపీలో కూడా భూమి కొన్నాడు. పద్దులో ఉన్నట్టుండి ఒక పేరు మాయమైతే చనిపోయారనుకోకండి, ఆ ఏడాది ఉత్తరాలు తీయండి. ఒక్క మాట, ఆ ఉత్తరాలు రాసింది యజమానులూ వాళ్ల మేస్త్రీలూ, కాబట్టి అందులో “అందరూ బాగున్నారు” అని కనిపిస్తే నమ్మేయొద్దు. వెళ్లినవాళ్ల అమ్మానాన్నలు ఇక్కడే ఉండిపోయి ఉంటే వాళ్లేమనుకున్నారో ఆ ఉత్తరాల్లో వెతికినా దొరకడం కష్టం.

డర్హమ్_లక్ష్మి:
చాలా థ్యాంక్స్ అండీ. 1870కీ పద్దులకీ మధ్య లింకు ఎలా కలపాలి? కామెరాన్ అనే ఇంటిపేరుతో వెతికితే సరిపోతుందా?

పాతకాగితాలు:
సరిపోదండీ, అందరూ ఆ ఇంటిపేరు పెట్టుకోలేదు. 1866లో నార్త్ కరొలైనా ఒక చట్టం చేసింది, బానిసలుగా ఉండి విడుదలైన ఆలుమగలు కౌంటీ ఆఫీసుకెళ్లి ఎప్పటి నుంచి కలిసి ఉంటున్నారో రాయించుకోవాలి. పద్దులో తల్లి పేరు, ఆ కౌంటీ రికార్డులో దంపతుల పేర్లు, 1870 లెక్కల్లో పిల్లల వయసులు, ఈ మూడూ పక్కపక్కన పెడితే లింకు దొరికే అవకాశం ఉంది. వీలైతే పెద్దావిడని స్టాగ్‌విల్‌లోనే ఉన్న హోర్టన్ గ్రోవ్‌కి కూడా తీసుకెళ్లండి, 1850 ప్రాంతంలో కట్టిన బానిసల ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి, అక్కడి ఇటుకల్లో వాటిని చేసినవాళ్ల వేలిముద్రలు తెలుస్తాయి. ఇంకోటి, డర్హమ్ కౌంటీ ఏర్పడింది 1881లో, అంతకు ముందువి ఆరెంజ్ కౌంటీ రికార్డుల్లో అడగండి.