చికాగోలో మూడు రోజులు: అమ్మానాన్నలకు ఏ మ్యూజియంలు చూపించాలి?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
అక్టోబరులో అమ్మానాన్నలు చికాగోలో ఉన్న తమ్ముడింటికి వెళ్తున్నారు. నాన్నకి 67, మోకాళ్ల నొప్పులు. వివేకానందుడు మాట్లాడిన చోటు చూడాలని అమ్మకి ఎప్పట్నుంచో కోరిక. మ్యూజియంలకి మూడు రోజులున్నాయి. ఏవి తప్పక చూడాలి, ఏవి వదిలేయొచ్చు? ఉచిత రోజులుంటాయంటున్నారు, నిజమేనా?

చంపావతి (విజయనగరం):
అమ్మగారి కోరికతోనే మొదలుపెట్టండి. 1893 సెప్టెంబరు 11న స్వామీజీ మాట్లాడింది మిషిగన్ అవెన్యూలోని ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో. భవనం అదే గాని ఆ హాలు లేదు. సర్వమత సభల కోసం తాత్కాలికంగా కట్టి తర్వాత తీసేశారు. అది తెలియక వేదిక కోసం లోపలంతా వెతికేవాళ్లున్నారు. ఫుల్లర్టన్ హాలు ఎక్కడని అడగండి, స్వామీజీ పేరిట ఫలకం అక్కడే ఉంటుంది. హాలు తలుపులు మూసి ఉండొచ్చు, ముందే అమ్మగారికి చెప్పి ఉంచండి. బయట ఆ రోడ్డు ముక్కకి కూడా ఆయన పేరే పెట్టారు.

అదే టికెట్ మీద భారతీయ శిల్పాల గ్యాలరీ చూడండి. నాగపట్టణం నుంచి వచ్చిన 12వ శతాబ్దపు ధ్యానబుద్ధుడు ఉన్నాడు, రాతి విగ్రహం. మన బౌద్ధ క్షేత్రం సాలిహుండం కొండెక్కినవాళ్లెవరూ ఆయన్ని దాటుకుని గబగబా వెళ్లలేరు.

మంగళ, బుధవారాలు సెలవు. వెళ్లే వారం వెబ్‌సైట్‌లో వేళలు మళ్లీ చూసుకోండి. సింహాల బొమ్మలున్న వైపు మెట్లెక్కాలి, నాన్నగారిని మన్రో స్ట్రీట్ ద్వారం నుంచి తీసుకెళ్లండి. చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారు, డబ్బు తీసుకోరు. మొహమాటపడొద్దు, లోపల నడక చాలా ఎక్కువ.

మూడు లాంతర్లు (విజయనగరం):
రెండో రోజు ఫీల్డ్ మ్యూజియం. పెద్ద హాల్లో నిలబెట్టిన 122 అడుగుల డైనోసార్‌ని చూసి అదే ఇక్కడి పేరుమోసిన 'సూ' అనే డైనోసార్ అనుకుని వెనక్కి వచ్చేస్తుంటారు. అది అచ్చు పోసిన నమూనా. అసలు ఎముకలతో ఉన్న 'సూ' పై అంతస్తులో ఉంది. 1990లో దక్షిణ డకోటాలో దొరికిన టీ రెక్స్, పొడవు 40 అడుగుల పైచిలుకు. పైకి లిఫ్ట్ ఉంది.

సావో సింహాల్ని మాత్రం వదలొద్దు. 1898లో కెన్యాలో రైలు వంతెన కడుతున్న కూలీల్ని చంపి తిన్న రెండు సింహాలివి. చనిపోయినవాళ్లలో మన దేశం నుంచి వెళ్లిన కూలీలూ ఉన్నారు. మగవైనా జూలు లేదు. చర్మాలు పాతికేళ్లు తివాచీలుగా పడి ఉండి అరిగిపోవడంతో, అసలు సైజు కన్నా చిన్నగా కనిపిస్తాయి.

ప్రత్యేక ప్రదర్శనలకి, 3డీ సినిమాకి టికెట్ అదనం. పైన చెప్పినవన్నీ మామూలు టికెట్‌లోనే వస్తాయి.

కళింగ తీరం (శ్రీకాకుళం):
మూడో రోజుకి సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం. ఊరి నడిబొడ్డుకి దక్షిణంగా పది కిలోమీటర్ల పైనే, అందుకే ఫీల్డ్‌తో కలిపి ఒకే రోజు పెట్టుకోవద్దు. అక్కడి యు-505 జర్మన్ జలాంతర్గామిని అమెరికా నౌకాదళం 1944 జూన్ 4న సముద్రంలోనే పట్టుకుంది. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూసినవాళ్లు, టికెట్ కొంటే లోపల నడవడమే అనుకుంటారు. ఇక్కడ అలా కాదు. మామూలు టికెట్‌తో బయటి నుంచి చూడటమే, లోపలికి వేరే టికెట్, దాని మీద టైము వేసి ఉంటుంది. లోపల దారి ఇరుకు, గడపలు దాటుకుంటూ వంగి నడవాలి. ఆ మోకాళ్లతో వద్దు. బయటి నుంచి చూసినా తృప్తిగా ఉంటుంది.

నాగావళి ఒడ్డు:
చాలా సాయం చేశారండి. ఉచిత రోజుల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

చంపావతి:
అవి ఇల్లినాయి రాష్ట్రంలో నివాసముండేవాళ్లకే. అక్కడి అడ్రసున్న గుర్తింపు కార్డు చూపాలి. తమ్ముడి కార్డు తమ్ముడికే పనికొస్తుంది, అమ్మానాన్నలకి కాదు. పైగా ఆ రోజుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫీల్డ్‌లో 65 దాటినవాళ్లకి టికెట్ ధర తక్కువ, కాబట్టి అక్కడ నాన్నగారికి సీనియర్ టికెట్ తీసుకోండి. వయసు చూపడానికి పాస్‌పోర్టు కాపీ దగ్గరుంచండి.

ఎవరికైనా ఏ రోజైనా ఉచితమంటే చికాగో కల్చరల్ సెంటర్. 1897లో గ్రంథాలయంగా కట్టారు. 38 అడుగుల అడ్డుకొలతతో రంగుటద్దాల గోపురం ఉంది, సుమారు 30,000 గాజు ముక్కలు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ నుంచి కొద్ది దూరమే. నాన్నగారు కూర్చుని తలెత్తి చూస్తే చాలు.