లాగ్ ఫైలు తొలగించినా డిస్కు ఖాళీ కావడం లేదు

ప్రశ్న:
మా కార్యాలయంలోని ఉబుంటు సర్వరులో 50 జీబీ రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన డిస్కు భాగం) పూర్తిగా నిండిపోయిందని, డిస్కులో ఖాళీ ఎంతుందో చెప్పే డీఎఫ్ కమాండు చూపుతోంది. డేటాబేసు కొత్త వివరాలను రాయడం ఆపేసింది. ఒక జావా అప్లికేషన్ తన పనుల వివరాలను రాసుకునే లాగ్ ఫైలే 28 జీబీకి పెరిగి ఉండడంతో దానిని ఆర్ఎమ్ కమాండుతో తొలగించాను. అయినా డీఎఫ్ లెక్కలో వీసమెత్తు మార్పు లేదు. ఫైళ్ల సైజులను లెక్కించే డీయూ కమాండు మాత్రం వాడకం 19 జీబీయే అంటోంది. పగటిపూట సర్వరును రీస్టార్ట్ చేయడానికి వీల్లేదు. ఏం చేయాలి?

మొదటి జవాబు:
రెండు లెక్కలూ సరైనవేనండీ. డీయూ డైరెక్టరీలలో పేరు కనిపించే ఫైళ్లను కూడుతుంది. డీఎఫ్ ఎన్ని బ్లాకులు (డిస్కులోని చోటు ముక్కలు) వాడకంలో ఉన్నాయో నేరుగా ఫైల్ సిస్టమునే అడుగుతుంది. ఆర్ఎమ్ తీసివేసేది పేరును మాత్రమే కాబట్టి, ఏదైనా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) ఆ ఫైలును తెరిచి ఉంచినంతకాలం దాని ఐనోడ్ (ఫైలు వివరాలుండే రికార్డు), బ్లాకులు అలాగే ఉండిపోతాయి. రూట్ (సర్వరుపై పూర్తి హక్కులున్న యూజరు) అధికారంతో, తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్ఓఎఫ్ కమాండుకు ప్లస్ గుర్తు, క్యాపిటల్ ఎల్, ఒకటి అంకె వరుసగా చేర్చి నడపండి. పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రాసెస్ నంబరుతో సహా కనిపిస్తాయి. ఆ ఒక్క అప్లికేషన్‌ను రీస్టార్ట్ చేస్తే చాలు. అదీ కుదరకపోతే, నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ప్రోక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద ఉండే ఎఫ్‌డీ ఫోల్డరులోని సంబంధిత డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలుకు ఇచ్చే నంబరు) ట్రంకేట్ కమాండుతో సున్నా చేయవచ్చు. అయితే నంబరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి, పొరపాటున డేటాబేసు ఫైలును సున్నా చేస్తే తిరిగి రాదు.

రెండో జవాబు:
19, 28 కలిపితే 47 మాత్రమే కదా, మిగిలినది ఏమైందన్న సందేహం రావచ్చు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజరు కోసం అట్టిపెడుతుంది. మీ విషయంలో అది దాదాపు 2.5 జీబీ. ఫైల్ సిస్టమ్ సెట్టింగులను మార్చే ట్యూన్2ఎఫ్ఎస్ కమాండుతో దానిని తగ్గించవచ్చని కొందరు సలహా ఇస్తారు గానీ, డిస్కు నిండినా మీరు రూట్‌గా పని చేసుకోగలుగుతున్నది ఆ చోటు వల్లనే కనుక రూట్ పార్టిషన్‌లో దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

ప్రశ్న అడిగినవారు:
ఎల్ఎస్ఓఎఫ్ జాబితాలో జావా ప్రాసెసే కనిపించింది. అప్లికేషన్‌ను రీస్టార్ట్ చేయగానే డీఎఫ్ కూడా 19 జీబీకి దిగింది, ధన్యవాదాలు. ఇకపై పాత లాగ్‌లను పక్కకు తీసే లాగ్‌రొటేట్ ప్రోగ్రాంలో కాపీట్రంకేట్ అనే ఆప్షన్ పెడితే సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
సరిపోతుంది, కానీ అది ముందు ఫైలును పూర్తిగా కాపీ చేసి ఆ తర్వాతే అసలు ఫైలును సున్నా చేస్తుంది కనుక, ఆ కాసేపు అంతే చోటు అదనంగా కావాలి. పైగా రెండు పనుల మధ్య రాసిన కొన్ని వరుసలు పోవచ్చు. లాగ్‌రొటేట్ సాధారణంగా రోజుకొకసారే నడుస్తుంది కాబట్టి, మీ లాగ్ అంత వేగంగా పెరుగుతుంటే గంటకొకసారి నడిచేలా టైమర్‌ను మార్చి, సైజు పరిమితి కూడా పెట్టండి.