ఇరుసులు, చక్రాలు లేని పాత జీపును పెరట్లో నుంచి రోడ్డు మీదికి తేవడం ఎలా?

పర్లాకిమిడి నివాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. మా తాతగారు నడిపిన మహీంద్రా సీజే-3బీ జీపు మా పెరటి పాకలో ఇరవై ఏళ్లకు పైగా కదలకుండా ఉంది. 1968లో రిజిస్టరైన బండి ఇది. ఆర్‌సీ పుస్తకం నేటికీ మా బీరువాలో భద్రంగా ఉంది. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది పడిన రోజుల్లో రెండు ఇరుసులనూ, కమాన్లతోనూ (కుదుపులు ఆపే స్ప్రింగు పట్టీలు) చక్రాలతోనూ సహా విప్పి పాత సామాన్ల వ్యాపారికి అమ్మేశారు. అప్పటి నుంచి ఛాసిస్ (బండి అడుగు ఇనుప చట్రం) నాలుగు మూలలా ఇటుకల దొంతరల మీద ఆగి ఉంది. ఇంజనూ గేరుబాక్సూ మాత్రం అలాగే ఉన్నాయి.

దీన్ని సరిహద్దుకు అవతల, ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్న వర్క్‌షాపుకు చేర్చి బాగు చేయించాలని నా కోరిక. పాక నుంచి వీధి దాకా 60 అడుగుల మట్టి దారి ఉంది. గేటు వెడల్పు ఆరున్నర అడుగులే కాబట్టి హైడ్రా (క్రేన్ బండి) లోపలికి రాదు. వచ్చి చూసిన ఒక మెకానిక్ ఛాసిస్‌ను గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేసి, అక్కడికి వెళ్లాక వెల్డింగ్ పెడదామన్నారు. మరొకరు బంపర్‌కు గొలుసు కట్టి ట్రాక్టరుతో ఈడ్చేద్దామన్నారు. రెండింటిలో ఏదీ నా మనసు ఒప్పుకోవడం లేదు. వానలు పడితే ఆ దారంతా బురదే. ఇటువంటి పని చేసినవారు దయచేసి దారి చూపండి.

గుణుపురం లారీ బాడీ పనివారు:

కోయడానికి మాత్రం ఒప్పుకోకండి. జీపు బరువంతా మోసేది నిచ్చెనలా ఉండే ఆ రెండు పొడవాటి ఇనుప పట్టాలే. ఒకసారి కోస్తే మళ్లీ అదే వరుసలో అతికించడం చాలా కష్టం, అతికినా ఆ చోట పాత బలం ఉండదు. బంపర్‌కు గొలుసు కట్టే ఆలోచన కూడా మానుకోండి, ఎందుకంటే తుప్పు పట్టిన ఆ బోల్టులు లాగిన మొదటి కుదుపుకే ఊడి రావచ్చు.

దీన్ని బండిలా లాగాలని చూడకుండా రాతి దూలాన్ని జరిపినట్టు జరపండి. ఇరుసులు పోగా మీ జీపు సుమారు ఏడు వందల కిలోలు ఉంటుంది. ముందుగా చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా మెల్లగా కొడుతూ వినండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట శబ్దం మూగబోయి పెచ్చులు రాలతాయి. అలాంటి చోట్ల సుద్దతో గుర్తు పెట్టి, అక్కడ జాకీ ఆనించకండి. తర్వాత ఒక కొసను రెండేసి అంగుళాల చొప్పున ఎత్తుతూ, ఎత్తిన ప్రతిసారీ చెక్క దిమ్మలను అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పేర్చుకుంటూ రండి. ఇటుకలను నమ్మవద్దు, అవి ముందు చెప్పకుండా పగులుతాయి. జాకీ మీదనే బరువు ఉన్నంతసేపు ఎవరి చెయ్యీ కాలూ కిందికి పోకూడదు.

అడుగు భాగం అందాక, ఛాసిస్ కంటే కాస్త పొడవైన రెండు గట్టి చెక్క దూలాలను పట్టాల కింద చెరొకటి పెట్టి యూ బోల్టులతో బిగించండి. అవి పక్కలకు విచ్చుకోకుండా ముందూ వెనకా అడ్డ దూలాలు కూడా వేయాలి. దూలాల ముందు కొసలను కింది వైపు ఏటవాలుగా చెక్కిస్తే పైపుల మీదికి సులువుగా ఎక్కుతాయి. దారి పొడవునా పలకలు పరిచి, వాటి మీద రెండంగుళాల వ్యాసం ఉన్న మందపాటి జీఐ (ఇనుప) పైపులు ఆరు వేసుకోండి. దూలాల కింద ఎప్పుడూ కనీసం మూడు పైపులు ఉండాలి. వెనక బయటపడిన పైపును తెచ్చి ముందు వేస్తూ పోవడమే పని. మలుపు దగ్గర ముందు పైపును సుత్తితో ఓరగా తడితే బరువు ఆ వైపు తిరుగుతుంది. మట్టి మీద నేరుగా ఈడ్వాలంటే సుమారు సగం బరువంత బలం కావాలి; పైపుల మీదైతే నలుగురు మనుషులు గునపాలతో తోస్తే చాలు. లాగే తాడు అడ్డ దూలానికే కట్టండి, జీపుకు కాదు. వాలు ఉంటే వెనక నుంచి ఇంకో తాడుతో పట్టి ఉంచాలి. తాడు తెగితే తగిలే దెబ్బ ప్రాణం మీదికి వస్తుంది కనుక దాని వరుసలో ఎవరినీ నిలబడనివ్వవద్దు.

పాతపట్నం మెకానిక్:

పై సలహా మంచిదే. అయితే ఎలాగూ ఇరుసులు కొనవలసిందే కాబట్టి, వాటినే ముందుగా జీపు దగ్గరికి తీసుకువెళ్లడం మేలని నా అభిప్రాయం. కమాన్లు లేకపోయినా ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య చెక్క దిమ్మ పెట్టి యూ బోల్టులతో బిగిస్తే గేటు దాకా దొర్లించుకురావచ్చు, వర్క్‌షాపులో అటూ ఇటూ జరపడానికీ పనికొస్తుంది. బ్రేకులు ఉండవు కనుక ఒకరు చక్రాల వెనక చెక్క ముక్కతో వెంట నడవాలి. ఆ స్థితిలో రోడ్డు మీద లాక్కుపోవడం మాత్రం ఎంత మాత్రమూ కూడదు. వీధిలో హైడ్రాతో లారీకి ఎక్కించేటప్పుడు బెల్టులు జీపు పక్క రేకులను లోపలికి నొక్కేస్తాయి, అందుకని పైన రెండు బెల్టుల మధ్య ఒక బలమైన కర్రను అడ్డంగా పెట్టించండి. అంతకు ముందే పెట్రోల్ ట్యాంకు ఖాళీ చేయించండి.

బరంపురం సభ్యులు:

కాగితాల సంగతి ఒక్కటి చెబుతాను. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా (పాతకాలపు అపురూప వాహనంగా) నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి, కాబట్టి కోయకపోవడానికి ఇది కూడా గట్టి కారణం. ఛాసిస్ నంబరు చెక్కిన చోట గొలుసు రాపిడి, వెల్డింగ్ వేడి తగలకుండా గుడ్డ చుట్టి ఉంచండి. ఇరుసులు లేని బండిని లారీలో చూస్తే సరిహద్దులో ప్రశ్నలు రావడం సహజం. అసలు ఆర్‌సీ, మీ గుర్తింపు కార్డు, వర్క్‌షాపు వారి ఉత్తరం దగ్గర పెట్టుకోండి. తాతగారి పేరున ఉన్న బండి అయితే వారసత్వ పత్రం కూడా తీసుకువెళ్లండి.

పర్లాకిమిడి నివాసి:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ ఉదయం సుత్తితో తట్టి చూశాను. ఎడమ వైపు వెనక కమాను బిగించే చోట గుప్పెడు పెచ్చులు రాలాయి, మిగతా పొడవంతా ఖంగుమంది. అందుకని వెనక వైపు జాకీని పట్టాకు కాక అడ్డ పట్టీకి ఆనిస్తాను. ఇరుసులు దొరకడానికి ఇంకా సమయం పడుతుందని వర్క్‌షాపు వారు చెప్పారు, వానలు అంతవరకూ ఆగవు కాబట్టి దూలాలూ పైపులే ఖాయం చేసుకున్నాను. దూలాల కొసలు చెక్కడానికి వడ్రంగి గారు ఆదివారం వస్తానన్నారు.