ఉక్కు బోటు అడుగున పొక్కులు: మళ్లీ రంగు వేసే ముందు ఏం చేయాలి?

ప్రశ్న (కళింగపట్నం నుంచి)
మాకు 12 మీటర్ల పాత ఉక్కు బోటు ఒకటి ఉంది. నిరుడు దాన్ని ఒడ్డుకు లాగించి, తీగ బ్రష్షుతో తుప్పు గీకించి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, దానిపైన ఎనామిల్ వేయించాను. ఆరు నెలలు తిరక్కుండానే నీటి గీత కింద పొక్కులు లేచాయి. ఒకదాన్ని చిదిపితే లోపల నీరు, దాని కింద నల్లటి తుప్పు కనిపించాయి. ఈసారి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలంలోనే పని ముగించాలి. లోపం రంగులో ఉన్నదా, పనిలో ఉన్నదా, తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (విజయనగరం నుంచి, ఓడల పెయింటింగ్ పని చేసి విరమించినవాణ్ణి)
రంగు కన్నా ముందు ఉప్పును అనుమానించండి. తుప్పు గుంటల్లో మిగిలిన ఉప్పు కంటికి కనబడదు గాని, రంగు పొర గుండా నీటిని తనవైపు లాక్కుంటుంది. మీరు చిదిపిన పొక్కులో ఉన్నది ఆ నీరే. అందుచేత గీకడానికి ముందు ఒకసారి, గీకిన తరువాత మరొకసారి, పంపు ఒత్తిడితో మంచినీటి కడుగుడు తప్పనిసరి. తీరంలో బోరు నీరే చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది కనుక రుచి చూసి, అనుమానం వస్తే ట్యాంకరు తెప్పించండి. (ట్యాంకరు దగ్గర పిసినారితనం చూపి, పెయింటు దగ్గర ధారాళంగా ఖర్చు పెట్టేవారిని నేను చాలామందినే చూశాను.)

ఇక తీగ బ్రష్షు తుప్పును నున్నగా మెరిపిస్తుందే తప్ప వదిలించదు. వీలైతే బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రేణువులను చిమ్మి తుప్పు రాల్చడం) చేయించి, ఉక్కు శుభ్రతకు వాడే ఐఎస్ఓ 8501-1 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని ఎస్ఏ 2½ స్థాయికి, అంటే ఉక్కు దాదాపు తెల్లగా తేలేంతవరకు తేవాలి. మామూలు ఇసుక వద్దు; ఆ ధూళి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది కాబట్టి రాగి స్లాగ్ (రాగి కరిగించాక మిగిలే చిట్టెం) గాని గార్నెట్ (ఒక గట్టి ఖనిజం) రేణువులు గాని వాడమనండి. ఉక్కు మళ్లీ ఎర్రబారకముందే, అదే రోజున ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రంగు) తొలి పూత పడాలి. వెల్డింగ్ కుట్ల మీద, రేకు అంచుల మీద రంగు పలచగా సాగిపోతుంది కనుక అక్కడ ముందుగా బ్రష్షుతో ఒక పూత విడిగా అద్దాలి. అన్ని పూతలూ ఆరాక మొత్తం మందం సుమారు 300 మైక్రాన్లు (0.3 మిల్లీమీటరు) ఉండాలి.

తెల్లవారుజామున రేకు మీద మంచు పట్టి ఉంటుంది. రేకు వేడి మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా, గాలిలో తేమ 85 శాతం లోపు ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండలో కలిపిన ఎపాక్సీ డబ్బాలోనే గడ్డకట్టుకుపోతుంది.

జవాబు (భావనపాడు నుంచి)
మేము ఏళ్ల తరబడి రెడ్ ఆక్సైడే వాడుతున్నాము, ఏమీ కాలేదు.

జవాబు (విజయనగరం నుంచి)
నీటి గీతకు పైన అయితే మీ మాట నిజమే, అక్కడ అది చాలాకాలం నిలుస్తుంది. నీటిలో మునిగి ఉండే చోట, తుప్పు పట్టే రేకు పక్కనే క్షారం పుట్టి, రెడ్ ఆక్సైడ్ వంటి నూనె ఆధారిత రంగును సబ్బులా మార్చి వదలగొడుతుంది.

ప్రశ్నించినవారు
కృతజ్ఞతలు. మా ఊరికి బ్లాస్టింగ్ యంత్రం తెప్పించడం కష్టం. పైగా నిరుడు పెయింటర్లు జింకు దిమ్మలకు కూడా రంగు పూసేశారు, అదీ తప్పేనా?

జవాబు (విజయనగరం నుంచి)
తప్పే. ఉక్కుకు బదులు తాను కరగడమే జింకు దిమ్మ పని. రంగు పూస్తే ఆ పని ఆగిపోతుంది. గీకించి, సగానికి పైగా కరిగినవి మార్చండి. బ్లాస్టింగ్ కుదరకపోతే గ్రైండర్‌తో గుంటల లోపలి దాకా శుభ్రం చేయించి, కొద్దిపాటి తుప్పును తట్టుకునే రకం ఎపాక్సీ అడగండి. ఆయుష్షు మాత్రం తగ్గుతుంది. గుల్లలు పట్టకుండా చివర వేసే రాగి రంగు ఎక్కడా ఉక్కుకు నేరుగా తగలకూడదు. తగిలితే రాగి నిలిచి ఉక్కు కరుగుతుంది. కాబట్టి ఎపాక్సీలో చిన్న గీత కనిపించినా ముందు దాన్ని పూడ్చి, తరువాతే రాగి రంగు డబ్బా మూత తీయించండి.