కంకభట్టుకు సైరంధ్రి ఇచ్చిన సమాధానాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: ఎం.ఏ. తెలుగు విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

అందరికీ నమస్కారం. మా కళాశాల సదస్సు కోసం తిక్కన విరాటపర్వంలోని ద్రౌపది పాత్ర మీద పత్రం రాస్తున్నాను. విరాటరాజు బావమరిది కీచకుడు కొలువులో అందరి ఎదుటా, సైరంధ్రి అనే పరిచారిక వేషంలో ఉన్న ద్రౌపదిని పడదోసి తన్నినప్పుడు, కంకభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు ఆమెనే మందలిస్తాడు. కులస్త్రీల మర్యాద విడిచి, విచ్చలవిడిగా నాట్యమాడేదానిలా ఇక్కడ నిలవడం తగదంటాడు. తన భర్త నటుడే కనుక తనకూ ఆ తీరే అబ్బిందనీ, అతడు నటుడే కాక జూదరి కూడాననీ, జూదరి ఆలికి గౌరవం ఎక్కడిదనీ ఆమె బదులిస్తుంది. ఇది భర్త మీద తిరుగుబాటేనని నా సహాధ్యాయులు కొందరు గట్టిగా వాదిస్తున్నారు. అయితే ఆ రాత్రే వంటశాలలో భీముడి దగ్గర, ధర్మరాజు కేవలం మర్త్యుడా అంటూ ఆయన వైభవాన్ని సీసపద్యంలో వర్ణించేదీ ఆమే కదా. ఒకే రోజున ఇంత తేడాగా మాట్లాడిన పాత్రలో ఏకత్వం ఎక్కడ ఉందని చెప్పాలి?

సమాధానం: విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. తిక్కన పాత్రలను పరిశీలించేటప్పుడు, ఆ మాట ఎవరు అంటున్నారన్న దానితో పాటు, ఎవరితో అంటున్నారు, ఎవరెవరు వింటుండగా అంటున్నారు అన్నవి కూడా చూసుకోవాలి. తిక్కన నాటకీయతను విమర్శకులందరూ మెచ్చుకున్నారంటే, ఆ నాటకీయత చాలావరకు ఈ వినేవారి ఎరుకలోనే ఉంది. కీచకుడితో మాట్లాడే ద్రౌపది, గంధర్వులైన తన భర్తలు అతడి మానప్రాణాలు తీయడం తథ్యమని ఘనమైన సమాసాలతో హెచ్చరిస్తుంది. కొలువులో ఆమె మాటలు సభ అంతటికీ వినబడతాయి కాని వాటి అసలు అర్థం తెలిసినవారు అక్కడ ధర్మరాజూ భీముడూ మాత్రమే. వంటశాలకు వచ్చేసరికి వినేది భీముడొక్కడే కనుక దాపరికం అక్కరలేదు. అక్కడ కోపమూ దుఃఖమూ గౌరవమూ ఒకదాని వెంట ఒకటి పైకి వస్తాయి.

ఆ కొలువులో ధర్మరాజు మాటను కూడా ఇలాగే చదవాలి. కీచకుడి దుర్మార్గం చూసి రగిలిపోయిన భీముడి చూపు దగ్గరున్న ఒక చెట్టు మీద పడుతుంది. దాన్ని పెకలించి మీద పడతాడని అన్న గ్రహించి, వలలుడు (వంటవాడి వేషంలో భీముడి పేరు) ఎటు చూస్తున్నాడు, వంటకు వేరే చెట్లు పుట్టవా, పండ్లతో కొమ్మలతో ఒప్పుతూ తన నీడన చేరినవారికి విశ్రాంతినిచ్చే ఈ చెట్టును వంటకట్టెల కోసం నరకడం ఎందుకు అంటాడు. సభికుల చెవికి అది వంటవాడికి చెప్పిన చిన్న హితవు. తమ్ముడి చెవికి మాత్రం, మనకు దాదాపు ఏడాదిగా నీడనిచ్చిన విరాటుడి కొలువును పాడుచేయవద్దన్న ఆజ్ఞ. అజ్ఞాతవాసం బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవులు పట్టాలి. పైగా గడువు తీరడానికి ఇక ఎన్నో రోజులు లేవు. ఆ ఒత్తిడిలో ధర్మరాజు ద్రౌపదిని మందలించడం ఆమెను అక్కడి నుంచి పంపించడానికే. ఆమె అది గ్రహించింది కనుకనే వేషం చెదరకుండా బదులిచ్చింది. ఇద్దరూ ఒకే సంకేతభాషలో మాట్లాడుకున్నారు కనుక, ఆమె మాటను మాత్రం విడదీసి తిరుగుబాటు అనడం నాకు సమ్మతం కాదు.

సమాధానం: పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు

మాస్టారు చెప్పిన పద్ధతి సరైనదే కాని, దాని వల్ల ద్రౌపది బాధ ఒక నటనగా తేలిపోతుందేమోనని నా భయం. వేషం ఆమె గుర్తింపును దాచింది గాని ఆమె మనసును దాచలేదు. ఎవరికీ తెలియదన్న ధైర్యంతోనే, తన రూపంలో ఎన్నడూ అనలేని మాటను సైరంధ్రి రూపంలో అనగలిగింది.

సభాపర్వంతో కలిపి చదివితే ఇది స్పష్టమవుతుంది. ద్యూతసభలో ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న: ధర్మరాజు ముందు తనను ఓడి, తరువాత నన్ను ఒడ్డాడా, లేక ముందే నన్ను ఒడ్డాడా? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమంటూ తీర్పు చెప్పలేకపోయాడు, ధర్మరాజు మౌనంగా ఉండిపోయాడు. విరాటుడి కొలువులోనూ పెద్దలు ఉన్నారు, రాజు ఉన్నాడు, భర్తలు ఉన్నారు, అన్యాయం కళ్లెదుటే జరిగింది. ఈసారి ఆమె ప్రశ్న అడగలేదు. నాడు తనకు రాని జవాబును తానే చెప్పి, జూదరి ఆలికి గౌరవం ఎక్కడిదని తేల్చేసింది. సభాపర్వం నన్నయది, విరాటపర్వం తిక్కనది. అయినా ఆ గాయం మాత్రం ఒకటే. భీముడి ముందు ఆమె ధర్మరాజు వైభవాన్ని వర్ణించడంలో కూడా నాకు కేవలం పొగడ్త వినబడదు. అంతటివాడు ఇలా ఒకరి కొలువులో బతకవలసి వచ్చిందన్న కడుపుకోత వినబడుతుంది. గౌరవం ఉన్నచోటే నిష్ఠూరం కూడా ఉంటుంది కనుక, ఈ రెండింటి మధ్య వైరుధ్యం నాకు కనిపించలేదు.

వ్యాసభారతంలోని ఒక చిన్న సన్నివేశాన్ని కూడా మీ పత్రంలో తప్పక పరిశీలించండి. చందనం నూరి నూరి కాయలు కాచిన తన చేతులను ఆమె భీముడికి చూపిస్తుంది. అతడు ఆ చేతులను ముఖానికి చేర్చుకొని ఏడుస్తాడు. కొలువులో మాటలతో చెప్పినదాన్ని ఆమె ఇక్కడ చేతులతో చెప్పింది.

సమాధానం: ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, తెనాలి

నాదొక చిన్న చేర్పు. కీచకుడు చచ్చిన తరువాత అతడి తమ్ముళ్లైన ఉపకీచకులు ద్రౌపదిని అన్న శవంతో పాటు దహనం చేయబోతే, భీముడు నగరం వెలుపల ఒక చెట్టును పెకలించి వారిని మట్టుబెడతాడు. వేరే చెట్లు పుట్టవా అని కొలువులో అన్న మాటకు ఇది కొనసాగింపని నేను భావిస్తాను. ధర్మరాజు ఆ కోపాన్ని అణచలేదు, అది చోటు మార్చుకొనేలా చేశాడంతే.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

మాస్టారూ, అమ్మా, మీ అందరికీ కృతజ్ఞతలు. పత్రాన్ని మూడు సంభాషణలుగా విభజించి, ప్రతిచోటా వినేవారు ఎవరన్నది ముందు చెప్పి, ఆ తరువాత ద్యూతసభతో పోలుస్తాను. విరాటుడి గురించి విడిగా రాయాలా?

విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు, విజయవాడ

తప్పకుండా రాయమ్మా. గాయం గురించి కొత్తపేట అమ్మగారు చెప్పినదాన్ని నేను కాదనను. ద్యూతసభతో పోలిక బలమైనది. విరాటుడు లేకుండా ఆ పోలిక నిలబడదు. బావమరిదీ సేనాధిపతీ అయిన కీచకుడిని దండించే శక్తి ఆ రాజుకు లేదు కనుకనే ఆమెకు కొలువులో న్యాయం దొరకలేదు. కొడుకు మీది మమకారంతో ధృతరాష్ట్రుడు, బావమరిది బలానికి లొంగి విరాటుడు, ఇద్దరూ సింహాసనం మీద కూర్చొనే రాజధర్మాన్ని వదిలేశారు. సుదేష్ణను కూడా మరచిపోవద్దు. ద్రౌపది వెళ్లనని వేడుకున్నా, మద్యం తెమ్మని ఆమెను కీచకుడి ఇంటికి పంపింది ఆ రాణే. గుంటూరులో చదివే పత్రం కనుక ఇంకొక్క మాట. ఈ పర్వం అవతారికలోనే తిక్కన, తనకు కలలో కనబడిన తండ్రి కొమ్మనను గుంటూరి విభుడని చెప్పుకున్నాడు. ఆ పద్యంతో మొదలుపెడితే మీ సభకు సముచితంగా ఉంటుంది.