మహిళల రేడియో కార్యక్రమం: శ్రోతలు మారుతుంటే ఏది ఉంచాలి, ఏది మార్చాలి?

తరంగం
మా కమ్యూనిటీ రేడియోలో మధ్యాహ్నం 2 నుంచి 3 దాకా మహిళల కార్యక్రమం చాన్నాళ్లుగా నడుస్తోంది. వంట, ఆరోగ్యం, ఒక పాట, ఉత్తరాలు, అదే పాత మూస. ఇప్పుడు ఆ వేళకి ఇంట్లో ఉండేది పెద్దవాళ్లు, బాలింతలే. మిగతావాళ్లు పొలంలోనో కుట్టు యూనిట్లోనో షాపులోనో ఉంటున్నారు. కాలేజీ అమ్మాయిలకి రేడియో అంటే ఫోనే. బీబీసీ 'వుమన్స్ అవర్' 1946 నుంచి నడుస్తోంది కదా, పాత శ్రోతల్ని పోగొట్టుకోకుండా కొత్తవాళ్లని ఎలా తెచ్చుకుంది? అందులో మన చిన్న స్టేషన్‌కి పనికొచ్చేది ఏమిటి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

స్టూడియోగది
ముందు వేళ సంగతి తేల్చుకోండి. వుమన్స్ అవర్ 1946 అక్టోబర్ 7న లైట్ ప్రోగ్రామ్ అనే బీబీసీ రేడియో ఛానెల్‌లో మధ్యాహ్నం 2 గంటలకి మొదలైంది. అప్పటికి గిన్నెలు తోముకోవడం అయిపోతుంది, పసివాళ్లు నిద్రపోతుంటారు, బడి పిల్లలు ఇంకా ఇంటికి రారు. గృహిణి రోజు చూసి పెట్టిన వేళ అది. 1973లో బీబీసీదే ఇంకో ఛానెల్ రేడియో 4కి మారింది. 1991లో ఉదయం 10:30కి జరిపితే శ్రోతలు గట్టిగానే ఎదురుతిరిగారు. 1998 నుంచి 10 గంటలకి వస్తోంది. ఆ వేళ కూడా ఉద్యోగాలకెళ్లే ఆడవాళ్లకి కుదరదు. వాళ్ల కోసం వారంలో వచ్చినవాటిలో ముఖ్యమైనవి ఏరి శనివారం సంచికగా ఇస్తారు, పాడ్‌కాస్ట్ కూడా ఉంది.

గొంతుల మార్పు కూడా గమనించండి. మొదటి వ్యాఖ్యాత అలన్ ఐవిమీ అనే మగాయన. ఆడవాళ్లకి మగాయన పాఠం చెబుతున్నట్టుందన్న విమర్శ వచ్చింది, కొద్ది నెలల్లోనే మైకు ఆడవాళ్ల చేతికొచ్చింది. 1987 నుంచి 2020 దాకా జెన్నీ ముర్రే నడిపారు. ఆవిడ, మరో వ్యాఖ్యాత జేన్ గార్వీ ఒకే ఏడాది చివర్లో తప్పుకుంటే 2021 జనవరిలో ఎమ్మా బార్నెట్ వచ్చారు. గొంతు మారింది గానీ పేరూ వేళా కదల్లేదు. మీకు నేను చెప్పేది ఇదే: వేళ, వ్యాఖ్యాత, సిగ్నేచర్ ట్యూన్ మూడింటినీ ఒకేసారి మార్చకండి. రేడియో పెట్టగానే పాత శ్రోతకి ఇది తన కార్యక్రమమని తెలియాలంటే కనీసం రెండైనా మునుపటివే ఉండాలి.

ఉత్తరాలపెట్టె
వేళ కంటే విషయాల ఎంపికే ఆ కార్యక్రమాన్ని బతికించిందని నా అభిప్రాయం. 1940ల చివర్లోనే ముట్లు ఆగిపోయే వయసు బాధల గురించి మాట్లాడారు. మధ్యాహ్నం పూట ఇవేం మాటలని బీబీసీ లోపలి పెద్దలే అభ్యంతరపెట్టారు. అయినా ఆ విషయాలు వదల్లేదు, శ్రోతల ఉత్తరాలకి చోటు తగ్గలేదు. వయసు తేడా ఉన్నవాళ్లందరినీ కలిపేవి అలాంటి విషయాలే. థైరాయిడ్ గురించి అత్తా వింటుంది, కోడలూ వింటుంది.

తరచూ దెబ్బతినేది డాక్టర్ ఇంటర్వ్యూ. పావుగంట ఏకబిగిన నడిస్తే సగంలోనే వినడం మానేస్తారు. 7 నిమిషాలు చాలు. వ్యాఖ్యాత పరిచయంతో కాకుండా శ్రోత గొంతులో వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టండి. మధ్యలో ఒకసారి ఎవరితో మాట్లాడుతున్నారో మళ్లీ చెప్పండి, అప్పుడే ట్యూన్ చేసినవాళ్లకి తెలియాలి కదా. అంశం అవ్వగానే తర్వాత ఏం వస్తుందో ఒక్క వాక్యం. వంటని తీసేయొద్దు, 3 నిమిషాలకి కుదించండి. కొలతలు రెండుసార్లు చెప్పండి, వినేవాళ్లు రాసుకుంటారు.

ఒక హెచ్చరిక: వుమన్స్ అవర్ రాజకీయ నాయకుల్ని నిలదీస్తుంది. మన దగ్గర కమ్యూనిటీ రేడియోకి ఆకాశవాణి వార్తలు యథాతథంగా వేయడం తప్ప సొంత వార్తలకి, వర్తమాన రాజకీయాలకి అనుమతి లేదు. వాతావరణం, కరెంటు కోత, నీళ్ల సరఫరా, పరీక్షలు, అడ్మిషన్ల సమాచారం చెప్పొచ్చు.

లోకట్
వాయిస్ మెసేజ్‌ల గురించి ఎవరూ చెప్పలేదు. ఉత్తరాల స్థానంలో ఇప్పుడు వచ్చేవి అవే. పంపేవాళ్లకి మూడు మాటలు చెప్పండి: ఫ్యాన్ ఆపండి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పట్టుకోండి, ఒక నిమిషం లోపు ముగించండి. ఎడిటింగ్‌లో 80–100 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (అంతకంటే కింది శబ్దాల్ని తగ్గించే ఫిల్టర్) వేస్తే గుంయ్‌మనే శబ్దం తగ్గుతుంది. గది ప్రతిధ్వని మాత్రం పోదు, మళ్లీ పంపమనడమే నయం.

అసలు ప్రమాదం వేరే ఉంది. భర్త కొడుతున్నాడనో, గర్భసంచి ఆపరేషన్ గురించో ఒకామె మాట్లాడితే గొంతు పిచ్ మార్చేసి ప్రసారం చేస్తుంటారు. అది చాలదు. పిచ్ మళ్లీ సరిచేయొచ్చు. పైగా ఆమె యాస, ఊతపదం, "ఇద్దరాడపిల్లల తర్వాత" అన్న ఒక్క ముక్క చాలు. మీ సిగ్నల్ అందేది పది పదిహేను కిలోమీటర్లలోపే, పక్కింటివాళ్లు ఇట్టే పోల్చేస్తారు. కాబట్టి మాటల్ని కాగితం మీద పెట్టి, ఊరు, పిల్లల సంఖ్య, వృత్తి మార్చి, ఇంకో ఊరి ఆమెతో చదివించండి. ప్రసారానికి ముందు ఆ రాతప్రతి ఆమెకే చదివి వినిపించి సరేననిపించుకోండి. ఆమె వాయిస్ ఫైల్ ఉమ్మడి వాట్సాప్ గ్రూపులో ఉండకూడదు.

తరంగం
చాలా ఉపయోగం. అయితే 2 గంటల ప్రసారం ఉంచి, సాయంత్రం అదే మళ్లీ వేస్తే సరిపోతుందా?

స్టూడియోగది
గంటంతా వేయకండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో చూడండి. 2008 అక్టోబర్ 15న మొదలైంది, ప్రసారం రాత్రి 7 నుంచి 9 దాకా పెట్టుకున్నారు. కూలికి వెళ్లొచ్చినవాళ్లకి కుదిరే వేళ అదే. చేసేదీ వినేదీ ఆ పల్లెల ఆడవాళ్లే కాబట్టి వేళ గురించి సర్వే చేయాల్సిన పని లేదు. మీరు కూడా కుట్టు యూనిట్ నుంచి ఒకరిని, పొలం పనికెళ్లే ఒకరిని వారం వారం కూర్చునే ప్లానింగ్‌కి పిలవండి. మధ్యాహ్నం గంటలోంచి మూడు అంశాలు ఏరి, మొత్తం 25 నిమిషాలకి కుదించి రాత్రి వేయండి. "ఇప్పుడే మనం విన్నట్టు", "ఈ మధ్యాహ్నం" లాంటి మాటలు అందులో పొరపాటున కూడా రానివ్వకండి. వ్యాఖ్యానం రాత్రికి విడిగా రికార్డు చేసుకుంటే ఆ ఇబ్బందే ఉండదు. అదే మూడు అంశాలు విడివిడి ఫైళ్లుగా, ఒక్కోదానికి విషయం తెలిసే పేరు పెట్టి ఫోన్లకి పంపండి. "ఎపిసోడ్ 214" అని పెడితే కాలేజీ అమ్మాయి తెరవదు, "పీసీఓడీ ఉంటే ఏం తినాలి" అని పెడితే తెరుస్తుంది.