పిల్లల హార్మోన్ల మీద రీసెర్చ్ అంటంది మా చెల్లి, ఈ లైన్లో అన్నం పుడద్దా?

కావలి కుర్రోడు:
అన్నలూ అక్కలూ, మా చెల్లి పీడియాట్రిక్స్ ఎండీ ఇంకో నాలుగు నెలల్లో అయిపోద్ది. నాన్నేమో నెల్లూరు ట్రంక్ రోడ్డులో క్లినిక్కి రూము చూసి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు, ఇదేమో ఎండోక్రైన్ (హార్మోన్ల స్పెషాలిటీ) చేస్తా, ప్రాక్టీస్ తక్కువ రీసెర్చ్ ఎక్కువ అంటంది. ఇంట్లో రోజూ పంచాయితీనే. పెద్దోళ్లకి షుగరు థైరాయిడు గానీ పిల్లకాయలకి హార్మోన్లేందే అని మా అమ్మ. నాది బీటెక్ బుర్ర, తెలీక అడగతన్నా, ఎన్నేళ్లు పడద్ది, అసలు రోజూ చేసే పనేంది?

ఒంగోలు పిల్లల డాక్టర్:
ఎండీ తర్వాత డీఎం అని సూపర్ స్పెషాలిటీ చదువు ఇంకో 3 ఏళ్లు. పెద్దోళ్ల ఎండోక్రైనాలజీలో చేరొచ్చు, లేదంటే పిల్లలదే విడిగా చండీగఢ్ పీజీఐ లాంటి కొన్ని చోట్ల ఉంది, సీట్లు మాత్రం బాగా తక్కువ. పిల్లలకి హార్మోన్లేందంటే, పుట్టుకతో థైరాయిడ్ పనిచెయ్యని బిడ్డ పైకి బాగానే కనపడద్ది, రెండు వారాల్లోపు మాత్ర మొదలెడితే మామూలుగా పెరుగుద్ది, లేటయితే మెదడు దెబ్బతింటది, తర్వాత ఎంత మందేసినా పూర్తిగా రాదు. ఐసీఎంఆర్ (కేంద్రం వాళ్ల వైద్య పరిశోధన సంస్థ) వాళ్లు మన దేశంలో లక్ష మంది పైన పసిపిల్లల్ని టెస్ట్ చేస్తే సుమారు 1,130 మందికి ఒకరు తేలారు. డబ్బులంటావా, క్లినిక్ పెట్టినోళ్లంత రావు, ఈ మాట మీ నాన్నకి ముందే చెప్పండి.

పొదిలి అమ్మ:
తమ్ముడూ నాకు చదువుల సంగతి తెలవదు, మా వాడి సంగతి చెప్తా. పుట్టిన పదహారో రోజు వాంతులు, బరువు తగ్గిపోతన్నాడు, పాలు పడట్లేదని డబ్బా మార్చారు, సెలైన్ పెడితే రెండు రోజులు బాగుండి మళ్లీ మామూలే. ఆఖరికి చెన్నై ఎత్తకపోతే ఒంట్లో ఉప్పు నిలవట్లేదు, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో లోపం, సీఏహెచ్ అంటారు దీన్ని అన్నారు. ఆడబిడ్డయితే పుట్టినప్పుడే మర్మాంగం తేడాగా ఉండి అనుమానం వచ్చేదంట, మగబిడ్డకి అట్టా తెలవదంట. మాది మేనరికం, ఆ మాట నన్ను ఎంతమంది అడిగారో. ఇప్పుడు ఏడేళ్లు, బడికి పోతన్నాడు. చిన్నప్పుడు 10 మిల్లీగ్రాముల మాత్రని బ్లేడుతో నాలుగు ముక్కలు కోసేదాన్ని, ఫ్యాను ఆపేసి మరీ, లేకపోతే పొడి ఎగిరిపోద్ది. ఏ ముక్కా ఇంకో ముక్కంత ఉండేది కాదు, ఆ పూట ఎక్కువ పడిందో తక్కువ పడిందో దేవుడికే తెలియాల.

గూడూరు ల్యాబు మనిషి:
అక్కా, ఆ బ్లేడు ముక్కలే ఒక రీసెర్చ్. అర మిల్లీగ్రాము దగ్గర్నుంచి పిల్లల డోసుకే హైడ్రోకార్టిజోన్ (ఈ జబ్బుకి వాడే హార్మోన్ మందు) గుళికలు తయారుచేసి పిల్లల్లో ట్రయల్స్ నడిపితే యూరప్‌లో 2018లో పర్మిషన్ వచ్చింది. తమ్ముడూ, రోజూ చేసే పనేందంటే ఇట్టాంటిదే. ఈ జబ్బుకి కార్టిజోన్ పనిచేస్తదని 1950లో అమెరికాలో లాసన్ విల్కిన్స్ చూపించాడు, కానీ వాంతులు మొదలవకముందే పట్టుకునేదెట్టా అనేది 1977 దాకా తేల్లా. అప్పుడు సోంగ్యా పాంగ్ అనే ఆవిడ, మడమ గుచ్చి తీసిన రక్తం చుక్క ఫిల్టర్ కాగితం మీద ఆరబెట్టి అందులోనే 17-ఓహెచ్‌పీ (ఈ జబ్బుంటే రక్తంలో పెరిగిపోయే హార్మోను) కొలిచే పద్ధతి పెట్టింది, అమెరికాలో అలాస్కాలో యూపిక్ అనే ఆదివాసీ జనంలో ఈ జబ్బు బాగా ఎక్కువ, అక్కడ వాడి చూశారు. ఇప్పటికీ తలనొప్పేందంటే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో జబ్బు లేకపోయినా అది ఎక్కువే చూపిస్తది, ఎంత దాటితే జబ్బనాలి, ఆ గీత ఎక్కడ గియ్యాలి అనేదానికే మేం నెలల తరబడి ఎక్సెల్ షీట్లతో కొట్టుకుంటాం. సినిమాల్లో చూపించే రీసెర్చ్ కాదు నాయనా ఇది, ఫ్రీజర్ పాడైతే రాత్రి రెండింటికి ల్యాబుకి పరిగెత్తాల. డబ్బుకి ఐసీఎంఆర్ గ్రాంట్లున్నాయి, డాక్టర్లకైతే హైదరాబాద్‌లో ఇండియా అలయన్స్ అని రీసెర్చికి డబ్బిచ్చే సంస్థ వాళ్ల ఫెలోషిప్‌లున్నాయి. వారానికి రెండు రోజులు ఓపీ పెట్టుకుంటే మాత్రం మంచిది, పేషెంట్లని చూడనోళ్లకి ఏ ప్రశ్న అడగాలో కూడా తట్టదు.

కావలి కుర్రోడు:
అందరికీ థ్యాంక్స్. పొదిలి అక్క రాసింది నాన్నకి చదివి వినిపించా, ఏం మాట్లాడలా, కాసేపాగి ఆ రూమోడు అడ్వాన్స్ తిరిగిస్తాడంటావా అన్నాడు. గూడూరన్నా, ఆ ఫెలోషిప్‌కి డీఎం అయ్యాకే అప్లై చెయ్యాలా, ముందే చెయ్యొచ్చా?